గైర్ ముల్కీయా, నాన్ ముల్కీయా?

పాతకాగితం: 1952లో మా తాతగారు హైదరాబాదులో విద్యార్థి. ఉద్యోగాల్లో బయటివాళ్లు వద్దంటూ తీసిన ఊరేగింపులో అరిచిన నినాదం చెప్పేవారు. చివర ‘గో బ్యాక్’ ఖాయం. ముందున్నది ‘నాన్ ముల్కీ’యా, ‘గైర్ ముల్కీ’యా? నాలుగు రోజులుగా తేలడం లేదు.

నిఘంటుప్రియ: నేను చూసిన పుస్తకాల్లో ‘నాన్ ముల్కీ’యే కనిపిస్తుంది. ‘కాని’ అనే అర్థమున్న ‘గైర్’ కూడా మనకు కొత్తేమీ కాదు, గైరుహాజరులో ఉన్నది అదే. నా బాధ చివరి అక్షరం గురించి. ‘ముల్కి’ అని హ్రస్వంతో రాస్తున్నారు. ముల్క్ అంటే దేశం, దానికి చెందినవాడు ముల్కీ. ‘హైదరాబాదీ’లోని దీర్ఘమే ఇదీ.

రేనాటిగాలి: కచ్చేరీని కచేరి చేసుకున్నాం కదండీ, ముల్కి ఎందుకు కాకూడదు? కడప వైపు మా ములికినాడుకూ దీనికీ చుట్టరికం ఉందని నా నమ్మకం.

నిఘంటుప్రియ: లేదండీ. ఇది అరబ్బీ మాట, ‘మాలిక్’కు తోబుట్టువు.

ఓరుగల్లు పంతులు: దీర్ఘం సంగతి సరే, అర్థం మాత్రం జారవిడవకండి. ముల్కీ అంటే ఇక్కడ పుట్టినవాడు మాత్రమే కాదు. నిజాం 1919లో ఇచ్చిన ఫర్మానా ప్రకారం 15 ఏళ్లు ఇక్కడ స్థిరపడి ఉన్నవాడూ ముల్కీయే. బోగస్ ముల్కీ సర్టిఫికెట్లకు దారి దొరికిందీ అక్కడే. 1948 తర్వాత కార్యాలయాల్లో ఉర్దూ పోయి ఇంగ్లిషు వచ్చింది. ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా పట్టా పుచ్చుకున్న కుర్రవాడికి చదివిన చదువే అడ్డమైంది, ఉద్యోగంలో బయటివాడు కూర్చున్నాడు. ఆ కడుపుమంటలోంచి వచ్చిన నినాదమది. 1952 సెప్టెంబరులో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. దాన్ని వట్టి ప్రాంతద్వేషమంటే నేను ఒప్పుకోను.

మానేరు ఒడ్డు: పంతులుగారూ, ఆ అర్థానికి కవి కాళోజీయే సాక్ష్యం. పుట్టింది నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో, తండ్రి మరాఠీ, తల్లి కన్నడిగ. పెరిగింది మడికొండలో. ఆయన పుట్టినరోజే, సెప్టెంబరు 9, మనకు తెలంగాణ భాషా దినోత్సవం. ఇంతకంటే ముల్కీ ఎవరు? ఆయన కవితలకు పెట్టిన ‘నా గొడవ’ అన్న పేరులోని గొడవ తగాదా అంటారు కొందరు. కాదు, అది మనిషికి పట్టిన ఆరాటం.

రేనాటిగాలి: రెండూనండీ. మా వైపు ‘నీ గొడవ నీది’ అంటే రెండర్థాలూ వస్తాయి.

నిఘంటుప్రియ: అసలు ప్రశ్నకు వద్దాం. ‘గైర్’ పక్కన ‘గో బ్యాక్’ అతకదు. అందుకే ‘నాన్’.

పాతకాగితం: ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్నారు కదండీ ఆ రోజుల్లోనే. అది ఎలా అతికింది?