క్యాండిడేటుకీ హరిశ్చంద్రుడికీ చుట్టరికం

నిన్న ఒకరు అడిగారు, క్యాండిడేట్ అంటే అసలు అర్థం తెల్లబట్టలవాడు అట, నిజమేనా, వాట్సాప్ కథా అని. ఈ ఒక్కసారికి వాట్సాప్ గెలిచింది.

లాటిన్‌లో కందిదుస్ అంటే తళతళలాడే తెలుపు (కందిపప్పుతో సంబంధం లేదు). మామూలు తెలుపుకి ఆల్బుస్ అని వేరే మాట ఉంది. పదవికి నిలబడ్డ రోమన్ తన ఉన్ని టోగాకి (ఒంటికి చుట్టుకునే పైబట్ట) సుద్దపొడి పట్టించుకుని, జనంలో దూరానికే కనబడేలా తిరిగేవాడు. మనం చొక్కాలకి నీలిమందు పెట్టినట్టన్నమాట. అలాంటివాడు కందిదాతుస్. ఓట్ల కోసం బట్టలకి తెలుపు పూయకూడదని క్రీ.పూ. 432లో చట్టమే చేశారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. అదెంత బాగా అమలైందంటే, క్రీ.పూ. 64లో కాన్సల్ (రోమ్ పాలనాధిపతి) పదవికి పోటీ పడుతూ సిసిరో అనే వక్త ప్రత్యర్థుల్ని ఉతికి ఆరేసిన ప్రసంగం పేరే 'తెల్ల టోగాలో'.

మన నాయకుల ఖద్దరుకి దీనితో లంకె పెట్టకండి, అది గాంధీగారి కాలం నాటి సంగతి. మన 'అభ్యర్థి'లో రంగేమీ లేదు, కోరేవాడు అంతే.

ఇంకొకరు "చూశారా, మన చంద్ర నుంచే లాటిన్ తీసుకుంది" అన్నారు. కాదండీ. అప్పు లేదు, చుట్టరికం ఉంది. వెలగడం అనే అర్థమున్న ఒకే పాత ఇండో-యూరోపియన్ (లాటిన్‌కీ సంస్కృతానికీ మూలభాష) ధాతువు నుంచి అటు లాటిన్‌లో కందేరే (మెరవడం), ఇటు చంద్ర వచ్చాయి. క్యాండిల్, షాండ్లియర్, ఉన్నదున్నట్టు మాట్లాడే క్యాండిడ్ అటువైపు పిల్లలు.

నాకు బాగా నచ్చిన ముక్క ఇది. హరి, చంద్ర కలిస్తే హరిచంద్ర అవ్వాలి కదా, మధ్యలో ఆ శ ఎక్కడిది? చంద్రకి వేదంలో 'శ్చంద్ర' అనే పాత రూపం ఉంది. పురుశ్చంద్ర అంటే బాగా మెరిసేది. ఆ పాత శకారమే హరిశ్చంద్రలో మిగిలిపోయింది. మామూలు సంధికి లొంగదు కాబట్టి పాణిని ఈ పేరు కోసం విడిగా సూత్రం చెప్పాల్సి వచ్చింది.

అంటే నామినేషన్ వేసే క్యాండిడేటూ, కాటికాపరి అయినా అబద్ధమాడని హరిశ్చంద్రుడూ దాయాదులే. సర్పంచిగా రెండుసార్లు ఓడిపోయిన మా మావయ్యకి ఇదంతా చెబితే, "ధాతువు దాకానే లేరా" అన్నాడు.