ఓరుగల్లులో రూకకు భోజనం: ఈ పద్యంలో "యాలనే" అంటే ఏమిటి?

తిండిగోల: వరంగల్ వెళ్తున్నా, మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే మా ఆఫీసులో ఒకాయన ఈ పద్యం పంపారు. క్రీడాభిరామంలోదట.

కప్పురభోగి వంటకము కమ్మని గోధుమపిండి వంటయున్
గుప్పెడు పంచదారయును క్రొత్తగఁ గాచిన యాలనే పెస
ర్పప్పును గొమ్మునల్లనఁటిపండ్లును నాలుగు నైదు నంజులున్
లప్పలతోడఁ గ్రొంబెరుగు లక్ష్మణవజ్ఝల యింట రూకకున్

పెసరపప్పు, పంచదార తెలిశాయి. "యాలనే" అంటే యాలకులా? అంటే పాయసం కూడా ఉన్నట్టేనా? చివర్లో ఆ లప్పలేంటి?

పద్యాలపిచ్చి: పాయసం లేదండీ, నెయ్యి ఉంది. "కాచిన, ఆల, నే" అని విడదీయండి. ఆవుకు పాత బహువచనం ఆలు, కాబట్టి ఆల నే అంటే ఆవునెయ్యి. మధ్యలో య వచ్చింది సంధి లేక, అంతే. "క్రొత్తగఁ గాచిన" అనడం చూడండి, నిన్నటి నెయ్యి కాదని గ్యారంటీ ఇస్తున్నాడు. వంటకమంటే ఇక్కడ అన్నం, కప్పురభోగి వరి రకం. అనటి అంటే అరటి. నంజులు నంజుకునేవి. లప్పలంటే ముద్దలు: గడ్డగా తోడుకున్న పెరుగు గరిటెతో తీస్తే ఎలా పడుతుందో అది. నీళ్ళ మజ్జిగ పోసి సరిపెట్టే ఇల్లు కాదన్నమాట.

మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ కనిపించినదాని గురించల్లా మాట్లాడుకోవడమే ఆ పుస్తకం. అందుకే ఈ పద్యం వర్ణనలా కాక, ఊరు తెలిసినవాడు పక్కవాడికి చెప్పే మాటలా ఉంటుంది. ఏమేం పెడతారు, ఎంత తాజా, ఎవరిల్లు, ఎంత. నాలుగు పాదాల్లో అన్నీ చెప్పాడు. ధర చివరి మాటగా వేశాడు, అదీ అసలు దెబ్బ. రూక అంటే అప్పటి నాణెం. "రూకకున్" దాకా వచ్చేసరికి వినేవాడికి నోరూరి ఉంటుంది, అప్పుడు "ఇదంతా ఒక్క రూకకే" అంటాడు. మనం "ముప్పైకి నాలుగు ఇడ్లీ" అంటాం చూడండి, అదే కు, అదే వాడుక.

కాజీపేట జంక్షన్: లోకల్ మనిషిగా ఒక మాట. ఆ నంజుల్లో మిరపకాయ ఉండే చాన్సే లేదు. పోర్చుగీసువాళ్ళు మన దేశానికి వచ్చిందే 1498లో, మిరప వాళ్ళ ఓడల్లో ఆ తర్వాత దిగింది. ఈ పద్యమేమో అంతకు ముందుది. అంటే మంచనశర్మ ఎంత తిరిగినా మిర్చి బజ్జీల బండి ఒక్కటీ తగలదు. టమాటా లేదు, ఆలుగడ్డ లేదు. మా దగ్గర సర్వపిండి (గిన్నెప్ప అని కూడా అంటం) మా సొంతమని గర్వంగా చెప్పుకుంటం గదా, దాంట్ల వేసే పల్లీలు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. అయినా తిండిగోల గారూ, సర్వపిండి తినకుండ మాత్రం పోకండి. వేడిగా ఉన్నప్పుడే తినాలె.

సీమ సంగటి: ఇలాంటి ఇంటిని పూటకూళ్ళ ఇల్లు అంటారు కదా. పూటకు ఇంత అని డబ్బు తీసుకుని కూడు పెట్టే ఇల్లు. కూడుకు బహువచనం కూళ్ళు. "కోటి విద్యలు కూటి కొరకే"లో ఉన్న కూటి కూడా అదే కూడు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఏకంగా పాత్రే. ఇప్పుడు ఆ మాట పెద్దగా ఎవరూ బోర్డు మీద రాయరు, "మెస్" అనో "ఇంటి భోజనం" అనో రాస్తారు. చాలాచోట్ల కూడు అంటే తిట్టులా వినిపించడం వల్లేమో. మా జేజి మాత్రం "కూడు తింటివా" అనే అడిగేది, ప్రేమగానే.

తిండిగోల: ఇంకొక్క అనుమానం. ఇది ఫుల్ మీల్సా, ప్లేట్ మీల్సా? మారు వడ్డిస్తారా లేదా?

పద్యాలపిచ్చి: భలే అడిగారు! కొలత చెప్పింది పంచదారకు ఒక్కదానికే, గుప్పెడు. నంజులకు లెక్క ఉంది, నాలుగో అయిదో. అన్నం, పప్పు, నెయ్యి, పెరుగులకు కొలతా లేదు, లెక్కా లేదు. నేనైతే అన్‌లిమిటెడ్ అనే చదువుతాను. పంచదార ఖరీదైంది కాబట్టి అక్కడ మాత్రం చెయ్యి బిగించారని నా ఊహ.

సీమ సంగటి: గుప్పెడు పంచదార బిగించడమా! ఇప్పుడు ఏ మెస్‌లోనైనా గుప్పెడు చక్కెర అడిగి చూడండి సార్.