అప్‌డేట్: వాననీటి గుంట పొంగడం ఆగింది
హైదరాబాద్ శివార్లలోని మా లేఅవుట్‌లో వాననీటిని కాసేపు ఆపి మెల్లగా కిందికి వదిలే గుంట పొంగి రోడ్డెక్కుతోందని, ఇంకా లోతు తవ్వించాలా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. తవ్వించలేదు. మీలో ఒకరన్నట్టు ముందు తూము చూశాం. ఆరంగుళాల పైపు మూతికి నిలువుగా సన్న జల్లెడ, దానికి అట్టకట్టిన పాల కవర్లు, కొబ్బరి మట్ట, ఒక చెప్పు. ఇక నీళ్లు ఎటు పోతాయి?

పైపు సైజు పెంచలేదు. పెంచితే దిగువ కాలనీ మునుగుతుంది. జల్లెడ తీసేసి, మూతికన్నా బాగా పెద్ద కడ్డీల చట్రాన్ని ఏటవాలుగా పెట్టించాం. మట్టం పెరిగేకొద్దీ చెత్త పైకి జారుతోంది, కింద నీళ్లు పోతున్నాయి. నీళ్లు వచ్చే వైపు మట్టి ఆగడానికి చిన్న గుంత తీశాం.

మొన్న రాత్రి గట్టి వాన. టెన్షన్‌తో రెండుసార్లు టార్చి పట్టుకుని వెళ్లొచ్చా. తెల్లారేసరికి గుంట ఖాళీ! గుంట నిండితే ఎక్కువ నీళ్లు పొర్లిపోయే అలుగు ఇంకా కట్టాలి. చట్రం మీది చెత్త ఎవరు తీయాలన్నది మాత్రం మీటింగులో తేలలేదు.