వాసన సబ్బులో ఉండాలా, బీరువాలో ఉండాలా?

బోరునీళ్ల ఇల్లు, అనంతపురం:
మా మామగారి చర్మం చాలా సున్నితం. మామూలు సబ్బుపొడితో ఉతికిన బనియను వేసుకుంటే మెడ చుట్టూ దద్దుర్లు లేస్తున్నాయి. అందుకని రెండు నెలల కిందట ‘సహజం’ అని రాసి ఉన్న లావెండర్ ద్రవం కొన్నాను. వాసన హాయిగా ఉంది, దురద మాత్రం తగ్గలేదు. సీసా తిప్పి చూస్తే మొక్కల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, చివర ‘పరిమళ ద్రవ్యం’ అనే ఒక్క మాట ఉంది. అందులో ఏముందో చెప్పలేదు. ఇక కుంకుడుకాయలకే మారాలనుకుంటున్నాను. పిల్లలేమో బట్టలు మంచి వాసన రావాలంటున్నారు. రెండూ కుదిరే దారి ఉందా?

కుంకుడుచెట్టు నీడ:
తప్పకుండా మారండి. మా అమ్మ పట్టుచీరలకు ఇప్పటికీ కుంకుడు రసమే వాడుతుంది. పట్టు, ఉన్ని మాంసకృత్తుల పోగులు. సోడా ఎక్కువగా ఉన్న పొడి వాటిని తినేస్తుంది. మీ బోరునీళ్లకు ఇంకో మేలు కూడా ఉంది. నూనెతో చేసిన సబ్బు ఆ నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది. కుంకుడులో నురుగు తెచ్చే సపోనిన్లు అనే పదార్థాలు అలా కట్టవు. పదిహేను, ఇరవై కాయలు కొట్టి గింజలు తీసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక పొంగు రానిచ్చి, పిసికి వడకట్టండి. ఏ రోజు రసం ఆ రోజే వాడాలి, నిలవ ఉంటే పులుస్తుంది. ఆఖరి జాడింపు నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మగడ్డి నూనె వేస్తే పిల్లల కోరికా తీరుతుంది.

రసాయన శాస్త్రం మాస్టారు:
నిమ్మగడ్డి నూనె దగ్గర ఆగండి. అందులో ప్రధానంగా ఉండేది సిట్రాల్. కొందరి చర్మానికి అది పడదు. లావెండర్‌లోని లినలూల్, నారింజ తొక్కలోని లిమొనీన్ గాలి తగిలి మారినప్పుడు ఎలర్జీ తెచ్చే పదార్థాలవుతాయి. చెట్టు నుంచి వచ్చిందా, కర్మాగారం నుంచి వచ్చిందా అన్నది చర్మానికి తెలియదు. యూరప్‌లో ఇలాంటి 26 పరిమళ పదార్థాలలో ఏదైనా సబ్బులో 0.01 శాతం దాటితే పేరు రాసి తీరాలన్న నియమం 2004 నాటి చట్టంతోనే వచ్చింది. మన సీసాల మీద ‘పరిమళ ద్రవ్యం’ అన్న ఒక్క మాటతో సరిపెడితే దద్దుర్లు వచ్చిన మనిషి దేన్ని మానుకోవాలి? నాకు కోపం తెప్పించేది ఇదే.

ఇక కుంకుడు రసం నిత్యం కట్టే నూలు బట్టలకు చాలదు. చెమట జిడ్డు, కూర మరక దానికి లొంగవు. తెల్లబట్టలకు రంగు కూడా పడుతుంది. పరిమళం అసలు కలపని ద్రవం కొని, చెప్పిన కొలత మించకుండా వేసి, ఒక జాడింపు ఎక్కువ పెట్టండి. ‘వాసన లేనిది’ అని రాసినంత మాత్రాన నమ్మవద్దు. అసలు వాసనను కప్పిపెట్టడానికే కొన్నింటిలో పరిమళం కలుపుతారు.

కుంకుడుచెట్టు నీడ:
నూనె సంగతి ఒప్పుకుంటున్నాను మాస్టారూ, అది తొందరపాటు సలహానే. కానీ కాలువలో కలిసే సబ్బునీళ్ల సంగతీ చూడాలి కదా. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి దగ్గర ధరణీ నగర్‌లో వానలకు నాలా పొంగి తెల్లటి నురుగు ఇళ్ల మధ్యకు వచ్చింది.

రసాయన శాస్త్రం మాస్టారు:
ఆ నురుగులో కర్మాగారాల వ్యర్థాల పాత్ర కూడా ఉందన్న ఫిర్యాదులున్నాయి. సపోనిన్లు కూడా చేపల మొప్పలను దెబ్బతీస్తాయండీ. వెనకటికి కొన్నిచోట్ల చేపలు పట్టడానికి కుంకుడు జాతి కాయలు దంచి నీళ్లలో కలిపేవారు. ఏది వాడినా తక్కువ వాడటమే చెరువుకు మేలు.

దవనం మరువం, రాజమండ్రి:
అమ్మా, మీరు సబ్బులో వెతుకుతున్న వాసన మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఉండేది. ఎండలో ఫెళఫెళలాడేలా ఆరిన చీరల మడతల మధ్య వట్టివేళ్ల కట్ట, గుడ్డమూటలో గంధకచ్చూరాలు, ఎండిన దవనం పెట్టేది. మూత తీస్తే గదంతా ఆ పరిమళమే. సబ్బు మురికి వదిలించాలి, అంతే. పరిమళాన్ని దాని నెత్తిన పెట్టడం వల్లే ఈ చిక్కంతా. పిల్లల అరలో వట్టివేళ్లు పెట్టండి, మీ మామగారి బట్టలు వేరే అరలో ఏ వాసనా లేకుండా ఉంచండి. ఒకరికి పడనిది ఇంకొకరికి దూరం చేయనక్కరలేదు. మరో మాట, ఇంట్లో పసివాళ్లుంటే వాళ్ల బట్టల్లో కలరా ఉండలు పెట్టవద్దు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న బిడ్డకు వాటిలోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి.

బోరునీళ్ల ఇల్లు, అనంతపురం:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం నుంచి మామగారి బనియన్లన్నీ పరిమళం లేని ద్రవంతో ఉతికి, రెండుసార్లు జాడిస్తాను. లావెండర్ సీసా పక్కన పెట్టేశాను. రెండు వారాల్లో దద్దుర్లు తగ్గకపోతే చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తాను, సీసా కూడా చూపిస్తాను. కుంకుడు పట్టుచీరలకు ఉంచుకుంటాను. దవనం గారూ, ఇక్కడ పచారీ కొట్టులో వట్టివేళ్లు దొరికాయి, తడి లేకుండా ఆరబెట్టాకే అరలో పెట్టాలా?

దవనం మరువం, రాజమండ్రి:
అవునమ్మా. రెండు ఎండలు చూపించి పెట్టండి, లేకపోతే బూజు పడుతుంది.