సమస్య: దీప మారినపుడె తెల్లవారె

నిర్వాహకుడు, విశాఖపట్నం: ఈ వారం సమస్య, అంటే మీరు ముందు మూడు పాదాలు కూర్చి పూరించాల్సిన పాదం, ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (గలం లేదా నగణం), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, దీ–తె. విషయం: కంప్యూటరు ఆన్ చేశాక అది పనికి పూర్తిగా సిద్ధమయిందని ఎలా తెలుసుకోవాలి? దీపం ఆరితే చీకటి కదా, తెల్లవారడమేమిటి అన్న విరోధాన్ని పరిహరించాలి. ఛందస్సుతో పాటు సాంకేతికాంశం కూడా సరిగా ఉండాలి.

పూరణ 1, సీతమ్మధార సభ్యురాలు

మినుకుమినుకుమనుచు మెల్లగా జరుగంగ
హార్డుడిస్కులోన నంతపనియు
ముగిసి చల్లబడగ మూషికము కదలె
దీప మారినపుడె తెల్లవారె

నిర్వాహకుడు: బాగుందమ్మా. రెండో పాదంలో లోనన్ + అంత, కాబట్టి యతి హా–అ అచ్చుకు చెల్లింది. "ముగిసి చల్లబడగ" అన్న మాట విషయానికి ప్రాణం. క్యాబినెట్ ముందున్న డిస్కు దీపం పూర్తిగా ఆరిపోదు, సిద్ధమయ్యాక కూడా అప్పుడప్పుడు ఒక మెరుపు మెరుస్తుంది. ఎడతెగకుండా మినుకుమనడం మాని పది సెకన్ల పాటు అలా ఒకటి రెండు మెరుపులతో సరిపెడితే తెల్లవారినట్టే. ఒక పరిమితి: ఈ గుర్తు తిరిగే హార్డుడిస్కు ఉన్న యంత్రాలకే నమ్మకమైనది. తిరిగే భాగాలు లేని కొత్త ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ డిస్కులలో దీపం వెలగకపోవచ్చు, చాలా ల్యాప్‌టాప్‌లకు ఆ దీపమే లేదు.

పూరణ 2, ఎంవీపీ కాలనీ సభ్యుడు

నీలివలయ మచట నిలువక తిరిగెడు
వేళ మాట వినదు పెద్దపెట్టె
వలయమణగి తుదకు బాణము నిలువంగ
దీప మారినపుడె తెల్లవారె

మద్దిలపాలెం సభ్యురాలు: గణాలు సరిపోయాయి, వే–పె యతి కూడా సరే. కానీ పద్యంలో దీపం ఎక్కడుందండీ? వలయం ఆగడం వేరు, దీపం ఆరడం వేరు. సమస్యాపాదం అతికించినట్టుంది.

నిర్వాహకుడు: ఆమె మాట నిజం. మూడో పాదాన్ని "వలయదీప మణగి బాణము నిలువంగ" అని మార్చండి. రూపకం కుదురుతుంది, గణాలు చెడవు. సాంకేతికంగా మరో లోపముంది. విండోస్‌లో మౌస్ బాణం చోట తిరిగే నీలివలయం ఆ క్షణాన మౌస్ కింద ఉన్న ప్రోగ్రాం సంగతే చెబుతుంది. లోపల అప్‌డేట్లు, యాంటీవైరస్, క్లౌడ్ సింక్ తిరుగుతూనే ఉండవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, ఏది ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో డిస్కు 100 శాతం దగ్గర అతుక్కుని ఉంటే బాణం నిలిచినా యంత్రం ఇంకా నిద్రకళ్లతోనే ఉంది. సీపీయూ (ప్రాసెసర్), డిస్కు రెండూ అడుగుకు దిగి అక్కడే నిలవాలి. అందులోనే, యంత్రంతో పాటు తామూ మొదలయ్యే ప్రోగ్రాంల స్టార్టప్ జాబితా ఉంటుంది. "హై ఇంపాక్ట్" అని చూపే వాటిలో అవసరం లేనివాటిని డిసేబుల్ చేస్తే తెల్లవారడం ముందుకు జరుగుతుంది.

పూరణ 3, పెదవాల్తేరు సభ్యుడు

లాగినుతెర వచ్చె గాని పని ముగియ
లేదు సేవలింక లేచుచుండె
రెండు నిముసములకు రేవును జేరెను
దీప మారినపుడె తెల్లవారె

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతిభంగం. లా–గా కుదరదు. "లాగినుతెర వచ్చె లక్ష్యము పూర్తి కా" అంటే లా–ల చెల్లుతుంది, తరువాతి పాదంలోని "లేదు"తో అన్వయమూ కుదురుతుంది.

భావం మాత్రం ఈ వారం వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది. మన సముద్రతీరాన నిలబడితే దూరాన లంగరేసిన ఓడలు కనిపిస్తాయి. కనిపించినంత మాత్రాన సరుకు దిగదు. లంగరు మీదున్న ఓడ రాత్రంతా తెల్లదీపం చూపాలి, లంగరెత్తగానే ఆ దీపం తీసేస్తారు. సమస్యకు ఇంతకన్న సహజమైన పరిహారం ఏముంటుంది? రెండు నిమిషాలన్న లెక్క కూడా ఊహ కాదు. విండోస్‌లో "ఆటోమేటిక్ డిలేయ్డ్ స్టార్ట్" అని గుర్తు పెట్టిన సర్వీసులు, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాంలు, మిగతా ఆటోమేటిక్ సర్వీసులు లేచాక సాధారణంగా 120 సెకన్లు ఆగి మొదలవుతాయి. లాగిన్ తెర రాగానే పాస్‌వర్డ్ కొట్టి పెద్ద ఫైలు తెరిచేవారికి మధ్యలో యంత్రం మొరాయించేది ఇందుకే.

పెదవాల్తేరు సభ్యుడు: సవరించుకున్నాను గురువుగారూ. మరి పట్టిన కాలాన్ని కచ్చితంగా ఎక్కడ చూడాలి?

నిర్వాహకుడు: విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ దాకా వెళ్లి 100 నంబరు ఈవెంటు చూడండి. కాలం మిల్లీసెకన్లలో ఉంటుంది. డెస్క్‌టాప్ వచ్చేదాకా పట్టింది ఒక అంకె, ఆ తరువాత యంత్రం కుదుటపడేదాకా పట్టింది మరో అంకె. దాదాపు ఖాళీగా ఉన్న సమయం 10 సెకన్లు పోగయితేనే విండోస్ ఆ రెండో లెక్క మూస్తుంది. కొలిచేటప్పుడు రీస్టార్ట్ చేసి కొలవండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ మూలభాగమైన కెర్నల్ డిస్కులో నిద్రపోతుంది, పూర్తి బూట్ (మొదటి నుంచి లేవడం) జరగదు.

పూరణ 4, గాజువాక సభ్యుడు

నాల్గు దీపములవి నడచును వరుసగ
ఒకటి వెలిగి యారి యొకటి వెలుగు
చివరిదైన బూటు చిహ్నము చల్లార
దీప మారినపుడె తెల్లవారె

నిర్వాహకుడు: అలంకారం అక్కర్లేకుండా సమస్యను ఉన్నదున్నట్టు నిజం చేశారు! చాలా మదర్‌బోర్డుల (యంత్రంలోని ప్రధాన బోర్డుల) మీద సీపీయూ, డీర్యామ్ (మెమరీ), వీజీఏ (తెరకు బొమ్మ పంపే భాగం), బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. దశ గడిచాక దాని దీపం ఆరిపోతుంది. ఆరకుండా నిలిచిపోయిన దీపమే జబ్బు ఎక్కడో చెబుతుంది. అయితే బూట్ దీపం ఆరడం తొలికోడి కూత మాత్రమే. బోర్డు తన పరీక్ష ముగించి ఆపరేటింగ్ సిస్టమ్‌కు పగ్గాలిచ్చింది, అంతవరకే.

మద్దిలపాలెం సభ్యురాలు: డీర్యామ్ దీపం దగ్గరే ఆగిపోతే?

గాజువాక సభ్యుడు: డీడీఆర్5 రకం ర్యామ్ (మెమరీ) కొత్తగా వేసి మొదటిసారి ఆన్ చేస్తే ఆ దీపం కొన్ని నిమిషాలు ఉండవచ్చు. బోర్డు ఆ ర్యామ్‌తో పొందిక సరిచూసుకునే మెమరీ ట్రైనింగ్ జరుగుతుంటుంది, కంగారుపడి ఆఫ్ చేయకండి. పాత యంత్రమైతే ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి, ర్యామ్ బయటకు తీయండి. మన తీరంలో ఉప్పుగాలి, తేమ కలిసి కాంటాక్టుల మీద పొర కడతాయి. మెత్తని రబ్బరుతో తేలికగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్కుమని పడేదాకా రెండు చివర్లా సమంగా నొక్కండి. అప్పటికీ ఆరకపోతే ఒక్కో ర్యామ్ విడిగా వేసి చూడాలి.

అక్కయ్యపాలెం సభ్యురాలు: లైనక్స్ వాడేవారికి దీపమేది గురువుగారూ?

నిర్వాహకుడు: టెర్మినల్‌లో, చాలా లైనక్స్‌లలో ఉండే సిస్టమ్‌డీ-ఎనలైజ్ (systemd-analyze) ఆజ్ఞ ఇవ్వండమ్మా. బూట్ ముగియకపోతే ఇంకా ముగియలేదు, తరువాత ప్రయత్నించమని అదే చెబుతుంది. ముగిస్తే కెర్నల్‌కు ఎంత, యూజర్‌స్పేస్‌కు (కెర్నల్ పైన నడిచే సర్వీసులకు) ఎంత పట్టిందో విడివిడిగా చూపుతుంది. పక్కన బ్లేమ్ (blame) అని చేరిస్తే ఏ సర్వీసు ఎంత సేపు తీసుకుందో ఎక్కువ నుంచి తక్కువకు వస్తుంది. దీని మీద ఆటవెలది మీరే రాయండి.

వచ్చే వారం సమస్య: "నిదురపోయి లేచి నిన్నఁ జూచె". మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ, 3 వోల్టులది, అయిపోతే గడియారం ఏమవుతుందో ఆలోచించండి.