ముఖలింగంలో పునాది కింద పాత గోడ బయటపడితే చెప్పాలా, వద్దా?

నగరికటకం కుర్రాడు:
మా స్థలం ముఖలింగం గుడికి అర కిలోమీటరు. పిల్లర్ గుంత తీస్తుంటే నడుంలోతున ఇటుకల వరస తగిలింది. ఒక్కో ఇటుక ఇప్పటివాటికి రెండింతలుంది. మేస్త్రి పగలగొట్టేద్దామంటున్నాడు. చెబితే స్థలం పోతుందేమోనని నాన్నకు టెన్షన్.

ఆమదాలవలస అన్న:
నోరు మూసుకుని కట్టుకో తమ్ముడూ. గుడి పక్కవాళ్ల అవస్థ చూడట్లేదా? కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ఇది. పాత ఇంటి మరమ్మతుకూ కాగితమే!

జలుమూరు మాస్టారు:
మీ లెక్కలోనే అర కిలోమీటరు హద్దు బయట ఉంది కదండీ, మరి భయం దేనికి? బాబూ, గంగరాజుల కళింగనగరం ముఖలింగమేనని శాసనాలు చదివి చెప్పింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆ రాజధాని మీదే మీరంతా కాపురం ఉంటున్నారు. ఇటుక ఊడబెరికితే ఉత్త ఇటుకే. అది ఏ మట్టి పొరలో ఉంది, పక్కన ఏ కుండపెంకు ఉంది అన్నదాన్ని బట్టే కాలం తేలుతుంది. లండన్‌లో 1954లో రోమన్ల కాలపు మిత్ర దేవుడి గుడి బయటపడితే, ఆఫీసు భవనం కోసం పెకలించి వేరేచోట సిమెంటుతో పేర్చారు. చివరికి 2017లో పాత చోటికే తెచ్చి, కొత్త భవనం అడుగున ఏడు మీటర్ల లోతులో చూపిస్తున్నారు.

ఆమదాలవలస అన్న:
అక్కడ కట్టింది కోట్ల కంపెనీ మాస్టారూ. ఇక్కడ లోను మీద ఇల్లు. అధికారులొచ్చి చూసేలోగా సిమెంటు బస్తాలు గడ్డకట్టిపోతాయి. ఆ నష్టం ఎవరిస్తారు?

సైట్ ఇంజనీర్:
ఈ ప్రశ్నకు మాస్టారి దగ్గరా జవాబు లేదు. గోడ మాత్రం మిగుల్చుకోవచ్చు. గుంతను గోడకు అటూ ఇటూ జరిపి, పైన బీము వేస్తే బరువు గోడ మీద పడదు. స్టీలు కొంచెం ఎక్కువవుతుంది, అంతే. గోడ మీద జియోటెక్స్‌టైల్ (నీరు దిగనిచ్చి మట్టిని ఆపే సింథటిక్) గుడ్డ పరిచి సన్న ఇసుకతో కప్పండి. రేపెవరైనా తవ్వితే ఆ ఇసుకే ఆనవాలు. అద్దం పలక వేసి చూపిద్దామనుకోకండి, మన చెమ్మకు ఏడాదిలో నాచు పడుతుంది.

జలుమూరు మాస్టారు:
కప్పేముందు పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, పురావస్తు శాఖకు ఉత్తరం రాయండి. నాణేలో రాగిరేకో దొరికితే మాత్రం మీ ఇష్టం కాదు. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలని 1878 చట్టం.

నగరికటకం కుర్రాడు:
గుంత జరపడానికి నాన్న ఒప్పుకున్నారు. ఉత్తరం దగ్గరే ఇంకా గొడవ.