డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం రచనలు: అసలు ప్రతిని గుర్తించడం ఎలా?

నల్లగొండ మత్తు డాక్టరు:
నమస్కారమండీ. ఆపరేషన్ బల్ల దగ్గర రోగికి మత్తిచ్చి, మళ్లీ మెలకువ తెప్పించడమే పాతికేళ్లుగా నా పని. ఆ మత్తు గురించి మన హైదరాబాదులోనే అంత పెద్ద పరిశోధన జరిగిందని తెలిసినప్పటి నుంచి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ రచనలు వెతుకుతున్నాను. క్లోరోఫాం మత్తులో ప్రాణాలు ఎలా పోతాయో ప్రయోగాలతో తేల్చడానికి ఏర్పడిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ నివేదిక (1891లో బొంబాయిలో అచ్చయింది), 1901లో లండన్‌లో వెలువడిన ఆయన క్లోరోఫాం పుస్తకం కావాలి. నివేదిక అసలు ప్రతి అని నమ్మి ఒకరి దగ్గర కొన్నాను. తీరా చూస్తే ఇటీవలి నకలు. ప్రయోగాల పటాలు మసకబారి, వాటిలోని రక్తపోటు గీతలు సగం కనబడవు. డబ్బు పోయినదానికన్నా ఆ గీతలు లేవన్నదే ఎక్కువ బాధగా ఉంది. ఈసారి మోసపోకుండా ఏం చూసుకోవాలి?

మహబూబ్‌నగర్ పాఠకుడు:
డాక్టరు గారూ, పుస్తకం కోసం మళ్లీ డబ్బు పెట్టే ముందు పత్రికలు చూడండి. లారీ తన పోరాటమంతా అక్కడే చేశాడు. ఆ కమిషన్ రెండుసార్లు ఏర్పడింది; రెండో కమిషన్ నివేదికను లండన్ వైద్య పత్రిక లాన్సెట్ 1890లో ప్రచురించింది. ఇండియన్ మెడికల్ గెజెట్, బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలు పబ్‌మెడ్ సెంట్రల్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. రచయిత పేరుతో మాత్రమే వెతికితే చాలా జారిపోతాయి. ‘హైదరాబాద్’, ‘క్లోరోఫాం’, ‘కమిషన్’ అనే మాటలతోనూ వెతకండి. గ్రంథాలయాల పట్టికల్లో కూడా నివేదిక లారీ పేరు కింద కాకుండా కమిషన్ పేరు కింద ఉండవచ్చు.

మా జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ రెండో కమిషన్ కోసం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. ఆ సాయంతోనే 1889లో లాన్సెట్ తరఫున లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్ హైదరాబాదుకు వచ్చాడు. ఈ సంగతి మా ఊళ్లో ఎంతమందికి తెలుసో అని తరచూ అనిపిస్తుంది.

ఇక ప్రతి సంగతి. కొనేముందు మూడు ఫోటోలు అడగండి: ముఖపత్రం, ఏదైనా ఒక పటం, పుస్తకం వెన్ను. చేతికొచ్చాక భూతద్దం పెట్టి అక్షరాల అంచులు చూడండి. సీసపు అచ్చులో సిరా అంచులకు చేరి గట్టిగా కనిపిస్తుంది, కాగితం వెనక వేలికి చిన్న ఉబ్బులు తగులుతాయి. కంప్యూటర్ నకలులో అంచులు చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు గుర్తు లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.

సూర్యాపేట నుంచి, విశ్రాంత గ్రంథపాలకురాలు:
పటాలే మీ గుండెకాయ అయితే ముందు వాటి పట్టిక తయారు చేసుకోండి. గడ్డిఅన్నారంలో జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ ఉంది, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. ముందు ఫోను చేసి, మీ ఆసుపత్రి నుంచి ఒక లేఖ తీసుకుని వెళ్లండి. పాత పుస్తకం చేతికిచ్చే ముందు వాళ్లు అడిగేది అదే. అక్కడ ఏ ప్రతి దొరికినా పటాల సంఖ్య, పేజీల సంఖ్య రాసుకుంటే, అమ్మేవాళ్ల ప్రతిని దానితో పోల్చుకోవచ్చు.

దొరికిన కాగితాలకు సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. రెండూ కాగితాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయి. చిరుగులకు పలుచని జపాను కాగితం, మైదా గంజి చాలు. మన ఎండలకు ఇనుప బీరువాలో పెట్టి గోడకు ఆనించకండి.

ఇంకొక మాట. లారీని మాత్రమే సేకరిస్తే కథ సగమే దొరుకుతుంది. క్లోరోఫాం వల్ల ముందు ఊపిరే ఆగుతుంది, కాబట్టి నాడిని కాక శ్వాసను కనిపెట్టాలని ఆయన చివరిదాకా వాదించాడు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ప్రాణం పోగలదని పిల్లుల మీద ప్రయోగాలతో చూపాడు. ఆ వ్యాసాన్ని కూడా పక్కనే పెట్టండి. లారీ దగ్గర క్లోరోఫాం ఇవ్వడం నేర్చిన తొలితరం మహిళా మత్తు డాక్టరు రూపాబాయి ఫర్దూన్‌జీ గురించి దొరికినవీ వదలకండి.

నల్లగొండ మత్తు డాక్టరు:
అమ్మా, లెవీ వ్యాసం నాకు తట్టనే లేదు. మా చదువులో ఆ పాఠం ఉంది గానీ, దాన్ని లారీ పక్కన పెట్టి చూడలేదు. నకలును భూతద్దంతో చూశాను, అన్నీ చుక్కలే. అయినా చదువుకోవడానికి ఉంచుకుంటాను. వచ్చే వారం సెలవు పెట్టి అఫ్జల్‌గంజ్, గడ్డిఅన్నారం రెండూ చూసి, పటాల పట్టిక ఇక్కడే పెడతాను. ఎవరి దగ్గరైనా విడి పటం ఒకటి ఉన్నా దయచేసి చెప్పండి.